నొప్పి తగ్గింది, మరి జబ్బు పోయిందా?

మన కడుపులో, జీర్ణాశయం వెనక ఒక గ్రంథి ఉంది. దాని పేరు క్లోమం. జానెడు పొడవు ఉంటుంది. అందులో ఊరే రసం చిన్నపేగులోకి పోతుంది. తిన్న తిండిని అరిగిస్తుంది.

ఒక్కోసారి ఈ క్లోమం వాస్తుంది. ఎక్కువగా తాగడం ఒక కారణం. పిత్తాశయంలోని రాయి జారి దారికి అడ్డుపడడం ఇంకో కారణం. అప్పుడు ఆ రసం క్లోమాన్నే అరిగిస్తుంది. పై కడుపులో భరించలేని నొప్పి వస్తుంది. నొప్పి వీపులోకి పోతుంది. వాంతులవుతాయి. సోడా తాగితే తగ్గే నొప్పి కాదిది. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఒక తాపీమేస్త్రికి ఈ జబ్బు చేసిందనుకోండి. ఆసుపత్రిలో నొప్పి తగ్గింది. ఇంటికి వచ్చాడు. మళ్ళీ రమ్మన్న రోజున వెళ్ళలేదు.

“నొప్పే లేదు. దండగ ఖర్చు ఎందుకే?” అన్నాడు భార్యతో.

కొన్ని వారాలకు ఆయాసం మొదలైంది. నాలుగు మెట్లు ఎక్కలేకపోయాడు. భార్య బలవంతంగా తీసుకుపోయింది. ఎక్స్‌రే తీశారు. ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. సూదితో కొంచెం తీసి పరీక్ష చేశారు. అది క్లోమరసమే!

“కడుపులో జబ్బుకి ఛాతీలో నీరేంటి డాక్టరుగారూ?” అని అడిగింది భార్య.

“క్లోమం చిట్లి రసం కారిందమ్మా. కడుపుకీ ఛాతీకీ మధ్య ఒక పొర ఉంది. ఆ పొర సందుల్లోంచి పైకి పోయింది. ఇలా కొద్దిమందికే అవుతుంది” అన్నారు డాక్టరు.

ఎక్కువమందిలో ఈ నీరు క్లోమం దగ్గరే నిలుస్తుంది. చాలామందికి దానంతటదే ఇంకిపోతుంది. నాలుగు వారాలు దాటినా ఇంకకపోతే దాని చుట్టూ గోడ కడుతుంది. నీటితిత్తి అవుతుంది. బాధ లేకపోతే డాక్టర్లు స్కానింగు చేస్తూ కనిపెట్టి ఉంటారు. బాధపెడితే నోటిగుండా గొట్టం పంపి, ఆ నీటిని జీర్ణాశయంలోకి వదులుతారు.

ఈ గుర్తులు కనబడితే ఆలస్యం చేయకూడదు:

- నాలుగు ముద్దలకే కడుపు నిండడం, వాంతులు – తిత్తి జీర్ణాశయాన్ని నొక్కుతుండవచ్చు.
- చలి, జ్వరం – తిత్తిలో చీము పట్టి ఉండవచ్చు.
- రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం – పక్కనున్న రక్తనాళం తెగి ఉండవచ్చు. ప్రాణాపాయం.
- ఆయాసం – ఛాతీలో నీరు చేరి ఉండవచ్చు.

నొప్పి తగ్గినా డాక్టరు రమ్మన్న రోజున వెళ్ళాలి. తాగుడు పూర్తిగా మానాలి.

ప్రశ్నలు

1. క్లోమం ఎందుకు వాస్తుంది?
2. మేస్త్రికి ఆయాసం ఎందుకు వచ్చింది?
3. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి తగ్గితే, ఏయే గుర్తులు కనిపెట్టి చూస్తారు?