రోగి మంచము యొద్ద కనికరము

పాఠ్యభాగము: లూకా 10:25–37
ఉద్దేశము: నర్సు పనిలో ప్రేమ, కనికరముల స్థానమును తెలిసికొనుట.



మన సంఘములలో నర్సులైన కుమార్తెలు, కోడళ్లు ఉన్నారు. వారిలో అనేకులు మన భాష కాని రోగులకు సేవ చేయుచున్నారు. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో నర్సులకు నీతి నియమావళిని ఆమోదించెను. 2021లో సవరించిన ప్రతిలో గౌరవము, న్యాయములతోపాటు కనికరమును కూడ నర్సుకుండవలసిన విలువగా చెప్పిరి. అనగా కనికరము ఇష్టమైనప్పుడు చూపునది కాదు, పనిలో భాగమే. సమరయుని యొద్ద దీనిని మూడు విధములుగా నేర్చుకొందము.

1. దగ్గరకు వెళ్లుట. యాజకుడును లేవీయుడును గాయపడినవానిని చూచిరి గాని దాటిపోయిరి. వేరు జాతివాడైన సమరయుడు దగ్గరకు వచ్చెను. భాష రాని రోగిని ముట్టకముందు సైగతోనైనను తెలుపుట, తెర వేయుట, మంచినీళ్లు చేతికందునట్లు పెట్టుట కనికరపు క్రియలే. మనవారికి ఒక రీతిగా, పరాయివారికి మరొక రీతిగా చేసినయెడల అది పక్షపాతము.

2. తెలిసి చేయుట. సమరయుడు జాలిపడి ఊరుకొనక, నూనె, ద్రాక్షారసము పోసి కట్టు కట్టెను. ప్రేమ ఉన్నది గదాయని మందు మోతాదు సరిచూడనియెడల హాని కలుగును. మంచము పట్టిన రోగిని వేళకు ప్రక్కకు త్రిప్పనియెడల వీపున పుండ్లు పడును. తియ్యని మాట వాటిని మాన్పదు. వేలూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్ 1909లోనే నర్సుల శిక్షణ ప్రారంభించెను. ప్రేమకు శిక్షణ తోడు కావలెను.

3. అప్పగించుట. మరునాడు సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, రోగిని అప్పగించి, తిరిగి వచ్చెదనని చెప్పి వెళ్లెను. అక్కడే ఉండిపోనందున అతని కనికరము తక్కువ కాలేదు. నర్సు కూడ డ్యూటీ మారునప్పుడు రోగి స్థితిని దాచక చెప్పి, వ్రాసి, అప్పగించి, ఇంటికి వెళ్లి విశ్రమించవలెను. అలసినామెను చూచి ప్రేమ లేదనుట న్యాయము కాదు.

ఆదివారము ప్రేమను గూర్చి పాడి, సోమవారము వార్డులో నర్సుపై కేకలు వేయుట మనకు తగునా? పూటకూళ్లవానికి సమరయుడు ఖర్చు ఇచ్చెను, మాట ఇచ్చెను. రోగులను చూచుకొనువారికి మనము కనీసము మర్యాదనైనను ఇయ్యవలెను.

చర్చించుడి:
1. జాలికిని కనికరమునకును భేదమేమి?
2. మన ఊరి ఆసుపత్రిలో భాష రాని రోగికి మన సంఘము ఏమి చేయగలదు?
3. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కోడలు మన యింట వెంటనే పొయ్యి దగ్గర నిలువవలసి వచ్చుచున్నదా?