ముక్తినాథ్ ప్లానులో రెండు ఖాళీ రోజులు

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు పంపిన ప్లాను రెండుసార్లు చదివాను. ముత్తుకూరు రోడ్డు మీద, రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బండితో సరిహద్దు దాటి నేపాల్ హిమాలయాల్లోకి పోవాలన్న నీ కోరిక నాకు నచ్చింది. అక్టోబరులో పన్నెండు రోజుల సెలవు, నాలుగు రోజుల్లో సరిహద్దులోని సునౌలి, మర్నాడు పొఖరా, ఆ మర్నాడు ఒక్క పగటిలో ముక్తినాథ్, తెల్లారి తిరుగు ప్రయాణం. మానుకోమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. తప్పకుండా వెళ్లు. కానీ ఆ కాగితంలో ప్రతి తేదీకీ ఎదురుగా కిలోమీటర్లు మాత్రమే రాశావు. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది. కొండదారిలో ముందు చూసుకోవాల్సినవి వేరే మూడున్నాయి. చేతిలో ఎన్ని గంటల వెలుతురుంది, ఆ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటావు, దారి మూసుకుపోతే ఆగడానికి ఎన్ని రోజులు మిగిలున్నాయి. ఈ లెక్కన చూస్తే నీ ప్లానులో తక్కువలో తక్కువ రెండు రోజులు ఖాళీగా ఉండాలి. నువ్వు ఒక్కటీ ఉంచలేదు.

కిలోమీటర్ల లెక్క మనకు అలవాటు కావడంలో వింతేమీ లేదు. మన సముద్రతీరమంతా చదును. నెల్లూరు నుంచి ఒంగోలు నూట ఇరవై కిలోమీటర్లంటే హైవే మీద రెండు గంటలని చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు, ఆ మాట దాదాపుగా తప్పదు కూడా. పొఖరా నుంచి బేణి ఎనభై కిలోమీటర్లు, బేణి నుంచి జోమ్‌సోమ్ ఇంచుమించు అంతే, అక్కడి నుంచి ముక్తినాథ్ ఇరవై పైచిలుకు. మొత్తం కలిపినా రెండు వందలు దాటదు కాబట్టి నువ్వు ఒక రోజు చాలనుకున్నావు. అయితే బేణి దాటాక దారి కాళీగండకి లోయ వెంట ఎక్కుతుంది. ఒక పక్క 8,167 మీటర్ల ధౌలగిరి, ఇంకో పక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ, నడుమ నది, నది పక్కన కొండను తొలిచి వేసిన రోడ్డు. కొంత దూరం తారు, కొంత దూరం కంకర, బురద, అడ్డంగా పారే వాగులు. ఎదురుగా బస్సు వస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. అలాంటి చోట గంటకు ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్లకు మించి లెక్క వేసుకోకు. పైగా ఆ లోయకు దానిదైన గాలి ఉంది. మధ్యాహ్నానికి మైపాడు తీరంలో సముద్రపు గాలి ఎందుకు లేస్తుందో నీకు తెలుసు. నేల వేడెక్కి పైనున్న గాలి పైకి పోతే, ఆ చోటు నింపడానికి నీటి మీది చల్లగాలి లోపలికి వస్తుంది. కాళీగండకిలో జరిగేదీ అదే. ఎగువనున్న ముస్తాంగ్ పీఠభూమి ఎండకు వేడెక్కితే, కింది గాలి ఆ ఇరుకు లోయలోంచే ఎగబాకాలి. అందుకే పొద్దెక్కేకొద్దీ దాని జోరు పెరుగుతుంది, జోమ్‌సోమ్‌కు విమానాలు ఉదయం పూటే నడుస్తాయి. విమానమే తప్పించుకునే గాలికి నువ్వు సామాను కట్టిన బండితో మూడు గంటల వేళ ఎదురుపడేలా ప్లాను వేసుకున్నావు.

ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం. పొఖరా ఎనిమిది వందల మీటర్ల ఎత్తున ఉంటుంది, ముక్తినాథ్ సుమారు 3,700 మీటర్ల మీద. నీ ప్లాను ప్రకారం ఒక్క పగటిలో దాదాపు 2,900 మీటర్లు ఎక్కి, రాత్రి అక్కడే పడుకుంటావు. అంత ఎత్తున ఒక్కో శ్వాసతో లోపలికి పోయే ప్రాణవాయువు ఇక్కడ మన ఇంట్లో పోయేదానిలో సుమారు మూడింట రెండొంతులు. దానికి అలవాటు పడడానికి శరీరానికి రోజులు కావాలి. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తును రాత్రికి అయిదు వందల మీటర్ల కన్నా పెంచవద్దని వైద్యులు చెప్పే నియమం అందుకే వచ్చింది. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడంతో మొదలై, పట్టించుకోకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మెదడు వాయడం దాకా పోతుంది. దానికి మొదటి మందు కిందికి దిగడమే. వయసులో ఉన్నాను, రోజూ వ్యాయామం చేస్తాను అంటావేమో. కండబలానికీ దీనికీ సంబంధం లేదు. బలమున్నవాడు ఇంకా వేగంగా ఎక్కేస్తాడు గనుక వాడికే ఎక్కువ ముప్పు. బండి నడిపేవాడికి దీనిలో ఇంకో చిక్కు ఉంది. నడిచి ఎక్కేవాడిని ఆయాసమే ఆపుతుంది. నిన్ను ఇంజను మోసుకుపోతుంది, శరీరం చెప్పే మాట వినబడేలోపే నువ్వు పైన ఉంటావు. తల తిమ్మిరెక్కినవాడు మలుపులో బ్రేకు ఎప్పుడు పట్టాలో సరిగ్గా అంచనా వేయలేడు.

దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు. పొఖరా నుంచి బయలుదేరిన రోజు తాతోపానీలో ఆగు. అది పన్నెండు వందల మీటర్ల లోపే, వేడినీటి బుగ్గలున్న ఊరు. మర్నాడు తెల్లవారుజామునే బయలుదేరి, గాలి లేవకముందే మార్ఫాకో జోమ్‌సోమ్‌కో చేరు. రెండూ 2,700 మీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. మూడో రోజు సామానంతా అక్కడే వదిలి ముక్తినాథ్ ఎక్కి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికల్లా దిగివచ్చి మళ్లీ కిందే పడుకో. నూట ఎనిమిది దివ్యదేశాల్లో సాళగ్రామంగా పేరున్న క్షేత్రం అది. మీ అమ్మ నీతో అక్కడి నూట ఎనిమిది ధారల కింద తలస్నానం చేయమని చెబుతుందని నాకు తెలుసు. చేయి, కానీ వెంటనే ఒళ్లు తుడుచుకుని పొడిబట్టలు కట్టుకో. మందుల సంగతి మాత్రం ఇక్కడే డాక్టరును అడిగి తేల్చుకో, తోటివాడు ఇచ్చిన మాత్ర వేసుకోకు.

ఇక ఖాళీ రోజుల మాట. వాన విషయంలో మన నెల్లూరు వాడి అంచనా హిమాలయాల్లో తలకిందులవుతుంది. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో, తుఫానులతో. జులై, ఆగస్టుల్లో మనం పొడిగానే ఉంటాం. నేపాల్‌కు జూన్ నుంచి సెప్టెంబరు దాకానే వానాకాలం, అక్టోబరుకు ఆకాశం తేటబడుతుంది. కాబట్టి నెల ఎంచుకోవడంలో నువ్వు తప్పు చేయలేదు. ముస్తాంగ్ వర్షచ్ఛాయ ప్రాంతం, అక్కడ వాన తక్కువ అని కూడా రాశావు, అదీ నిజమే. అయితే అక్కడికి పోయే దారి వర్షచ్ఛాయలో లేదు. పొఖరా పక్కనే ఉన్న లుమ్లేలో ఏడాదికి అయిదు వేల మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది, మన జిల్లాలో కురిసేదానికి నాలుగు రెట్ల పైమాట. ఆ నీరు తాగిన కొండ వాన ఆగిన తర్వాత కూడా వారాల తరబడి జారుతూనే ఉంటుంది. 2024 జులైలో నారాయణఘాట్–ముగ్లింగ్ రోడ్డు మీద సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగి రెండు బస్సుల్ని త్రిశూలి నదిలోకి తోసేసింది, అరవై మందికి పైగా గల్లంతయ్యారు. అదే ఏడాది సెప్టెంబరు చివర, వానాకాలం అయిపోయిందనుకున్న వేళ, వరదలు వచ్చి రెండు వందల మందికి పైగా పోయారు. రోడ్లు తెగి జనం ఎక్కడివాళ్లక్కడ చిక్కుబడ్డారు. ఇలాంటి రోజుల్లో ప్రాణం దక్కించుకునేది చేతిలో వ్యవధి ఉన్నవాడే. ఎల్లుండి డ్యూటీలో చేరాల్సినవాడు రాళ్లు రాలుతున్నా దాటేద్దామనుకుంటాడు, చీకటి పడ్డా ఇంకో నలభై కిలోమీటర్లే కదా అనుకుంటాడు. ధైర్యం ఎక్కువై వచ్చే ఆలోచన కాదది, సెలవు అయిపోతోందన్న తొందరలో వచ్చేది.

తిరుమల ఘాట్‌రోడ్డు మీద లెక్కలేనన్ని సార్లు బండి నడిపానని నువ్వు అనవచ్చు. ఆ అనుభవం పనికివస్తుంది, కానీ ఒక విషయంలో అది నిన్ను మోసం చేస్తుంది. తిరుమలకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. 1944లో వేసిన మొదటి ఘాట్ దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి. అంటే ఏ మలుపులోనూ నీకు ఎదురుగా లారీ రాదు. కాళీగండకిలో ప్రతి మలుపు అవతలా బస్సుందనే అనుకుని తిరగాలి. అందుకే వెళ్లేలోపు ఎదురు బండ్లు వచ్చే ఘాట్ల మీద అభ్యాసం చేయి. దోర్నాల నుంచి శ్రీశైలం ఒకటి, తమిళనాడులో ఏలగిరి ఇంకొకటి, అది కుదిరాక డెబ్బై మలుపుల కొల్లిమలై. మలుపుకు ముందే గేరు తగ్గించడం, ఎడమ అంచును వదలకపోవడం, హారన్ కొట్టడం, ఎక్కే బండికి దారి ఇవ్వడం, దిగేటప్పుడు క్లచ్ పట్టి జారకుండా ఇంజను బిగువుతో దిగడం. వెనక సామానంతా కట్టుకుని ఇవి చేసి చూడు. ఖాళీ బండితో చేసిన సాధన సగం సాధనే.

ఇంకో వాదన నీ స్నేహితులు చేస్తారని ఊహించగలను. ఇంత లెక్క వేసుకుంటే సాహసం ఏముంది, మనవాళ్లు ఇంతకన్నా పెద్దవి చేశారు కదా అంటారు. చేశారు, నిజమే. విశాఖపట్నం నుంచి 2006లో బయలుదేరిన భరద్వాజ్ దయాల కరిజ్మా బండి మీద ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చాడు. కానీ ఆయన లెక్క చూడు. సుమారు 47,000 కిలోమీటర్లకు పట్టిన కాలం దాదాపు పద్దెనిమిది నెలలు. భాగిస్తే రోజుకు తొంభై కిలోమీటర్లు కూడా రాదు. ప్రపంచం చుట్టినవాడి సగటు అది. 2018లో జై భారతి నాయకత్వాన హైదరాబాద్ నుంచి నలుగురు మహిళలు మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాంల మీదుగా దాదాపు 17,000 కిలోమీటర్లు రెండు నెలల లోపే తిరిగివచ్చారు. వాళ్ల సగటు చాలా ఎక్కువ, ఒప్పుకుంటాను. అయితే ఆ దారి రోజుల తరబడి మూడు వేల మీటర్ల పైన నడిచేది కాదు. పైగా జై భారతి అప్పటికే మహిళా బైకర్ల సంఘం ‘బైకర్ని’ హైదరాబాద్ విభాగాన్ని నడిపిస్తున్న మనిషి. నీకిది మొదటి యాత్ర. వాళ్ల దూరాన్ని చూసి ఉత్సాహపడు, కానీ ప్లానుకు కొలతగా భరద్వాజ్ సగటును పెట్టుకో.

పన్నెండు రోజుల్లో ఖాళీ రోజులు ఎక్కడి నుంచి తేవాలి అన్నదే అసలైన ప్రశ్న, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. నెల్లూరు నుంచి సునౌలి దాదాపు రెండు వేల కిలోమీటర్లు. రానూ పోనూ ఎనిమిది రోజులు మైదానంలోనే కరిగిపోతాయి, కొండలకు నాలుగే మిగులుతాయి. పైగా అలసిపోయిన ఒంటితో కొండ మొదలుపెడతావు. ఆ మైదానాన్ని రైలుకు వదిలేయి. గోరఖ్‌పూర్ పోయే రప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్ మన నెల్లూరు మీదుగానే పోతుంది. ట్యాంకులో పెట్రోలు తీసేసి, బండికి గోనెపట్టాలు చుట్టి పార్సిల్ వేయవచ్చు. అది నీతోపాటే దిగుతుందన్న నమ్మకం లేదు గనుక కొన్ని రోజులు ముందే పంపు. అదీ వద్దనుకుంటే పొఖరాలో బండ్లు అద్దెకు దొరుకుతాయి. నెల్లూరు నుంచి ఇంటి బండి మీదే వెళ్లానన్న పేరు పోతుందని నీకు బాధ ఉంటుంది. ఆ పేరుకు నువ్వు చెల్లిస్తున్న ధర ఆ రెండు ఖాళీ రోజులు, అది నాకు సమ్మతం కాదు.

సొంత బండే తీసుకుపోతే దాని గురించి ఒక మాట. ఉప్పుగాలిలో పెరిగిన బండి అది. పైకి మెరుస్తున్నా లోపల చైను లింకులు, బ్రేకు క్యాలిపర్ పిన్నులు, వైర్ల కనెక్టర్లు తుప్పు పడతాయి, వాటిని విప్పించి చూపించు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరిన ఆయిలు పొడవాటి దిగుడులో వేడెక్కి మరిగితే, లీవరు మెత్తగా లోపలికి పోతుంది కానీ బండి ఆగదు. చదును నేల మీద ఏళ్ల తరబడి బయటపడని లోపం ఇది. కొత్త ఆయిలు పోయించు, ప్యాడ్లు మార్పించు. ఇంజెక్షన్ బండి గాలి పలచబడితే పెట్రోలును తానే తగ్గించుకుంటుంది కానీ లేని గాలిని తేలేదు, పైన దాని సత్తువ బాగా తగ్గుతుంది. సామాను కూడా ఆ మేరకు తగ్గించు.

వియత్నాంకు విమానంలో పోయి హా జాంగ్‌లో బండి అద్దెకు తీసుకుందామని నీ స్నేహితుల్లో ఒకడు అంటున్నాడని రాశావు. మన ఆర్‌టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం కిందిది, వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చేదాన్ని. చెల్లని లైసెన్సుతో నడిపి పడితే ఆసుపత్రి ఖర్చు ఇన్సూరెన్సు ఇవ్వదు. మొదటిసారికి నేపాలే మేలు. అక్కడ కూడా ఎడమ పక్కే నడుపుతారు, మన లైసెన్సు చెల్లుతుంది, వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ చాలదు. సరిహద్దులో బండికి భన్సార్, అంటే కస్టమ్స్ రుసుము, రోజుల లెక్కన కట్టించుకుంటారు. అక్కడే రెండు రోజులు అదనంగా కట్టెయ్యి, గడువు దాటుతుందన్న తొందర కూడా ఉండదు. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్ పొఖరాలో తీసుకో. బండి ఇన్సూరెన్సు మన దేశం వరకే వర్తిస్తుంది. అదనపు ప్రీమియం కడితే నేపాల్‌కు పొడిగించే వీలు ఉంది, ఆ ఎండార్స్‌మెంట్ కాగితం మీద రాయించుకో. ప్రయాణ ఇన్సూరెన్సులో బైకు నడపడం, మూడు వేల మీటర్లు దాటడం మినహాయింపుల్లో ఉన్నాయేమో చదివి చూసి కొను.

ఈ ఆదివారంలోగా ప్లాను తిరగరాసి పంపు. ప్రతి తేదీకీ ఎదురుగా బయలుదేరే వేళ, చేరే వేళ, పడుకునే ఊరి ఎత్తు రాయి, రెండు తేదీలు ఖాళీగా వదులు. ఇన్సూరెన్సు ఆఫీసుకు సోమవారం నేను కూడా వస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య