గునుగు: పూవుగా మేలు, విత్తుగా చేటు



వానకాలపు మెట్టచేలలో జొన్న, కంది, వేరుసెనగ, ఆముదపు సాళ్ల నడుమ నిటారుగా లేచి, వెండివలె మెరయు కంకులు పట్టు గునుగు మీరెరుగనిది కాదు. చేనిలో అది కలుపు. గట్టున అది పూవు. లేతగా నున్నప్పుడు కూర. కావున దానిని ఎప్పుడు తీయవలెనో, ఎంతవరకు ఉంచవచ్చునో తెలిసికొనుట అవసరము.

పేర్లు

తెలంగాణలో దీనిని గునుగు అందురు. కొన్ని తావుల గురుగు అనియు పిలుతురు. మహారాష్ట్రలో కుర్డూ, తమిళనాట పణ్ణైక్కీరై, కన్నడసీమలో అణ్ణె సొప్పు అను పేర్లున్నవి. శాస్త్రనామము సెలోషియా ఆర్జెంటియా. 1753లో లిన్నేయస్ పెట్టిన ఈ పేరులో ‘ఆర్జెంటియా’ అనగా వెండివంటిది అని అర్థము. ఇది తోటకూర కుటుంబములోనిది. పెరటిలోని కోడిజుట్టు పూవు దీనికి దగ్గరి చుట్టము.

ఉపయోగములు

బతుకమ్మను పేర్చుటకు తంగేడుతో పాటు గునుగు ముఖ్యము. 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగగా ప్రకటింపబడిన ఈ వేడుకకు స్త్రీలు గునుగు కంకులను కట్టలుగా కట్టి, కొనలను రంగునీళ్లలో ముంచి, ఆరబెట్టి పేర్చుదురు. పూరేకులు కాగితమువలె పొడిగా నుండుటచే త్వరగా వాడవు.

పూతకు ముందు లేత ఆకు కూరకు పనికివచ్చును. ఇందులో ఆగ్జాలిక్ ఆమ్లపు లవణములు ఉండును గాన, ఉడికించి ఆ నీటిని పారబోసి వండుకొనవలెను. నైజీరియా దేశమున దీనిని ఆకుకూర పంటగానే విత్తి అమ్ముదురు.

అయితే ఒక హెచ్చరిక. ఈ మొక్క కాడ్మియమువంటి విషలోహములను నేలనుండి పీల్చి ఆకులలో దాచుకొనును. ఫ్యాక్టరీల మురుగు పారు చోట్ల, మందులు చల్లిన చేలలో దీనిని కూరకు కోయరాదు. చీనా వైద్యమున గింజలను కంటి జబ్బులకు వాడుదురు. కాని నీటికాసులు ఉన్నవారికి అవి కూడవు. కనుక వైద్యుని అడుగక వాడవలదు.

విత్తనము పడు తీరు

గునుగు కంకి అడుగునుండి పైకి పూయును. కొన గులాబీ రంగున కళకళలాడుచుండగనే అడుగుభాగమున కాయలు ముదిరి, మూతవలె పై చెక్క ఊడి, గింజలు రాలును. పైన పూవున్నది గదా, ఇంకను విత్తు కాలేదని తలచుట పొరపాటు. కంకి అడుగును అరచేతిలో నలిపి చూడుడు. నల్లని, నున్నని సన్నగింజలు రాలినచో విత్తు పడుటకు ఆరంభమైనదని తెలియవలెను. ఆ గింజలే మరుసటి ఏటి కలుపు.

నివారణ

1. పైరు లేతగా నున్నప్పుడే గుంటక తోలి, సాళ్లలో మిగిలిన దానిని చేతితో పీకవలెను.

2. వేరుసెనగను 45 రోజుల వరకు కలుపు లేకుండ కాపాడవలెను. తరువాత గుంటక తోలినచో, లేక పెద్ద మొక్కలను పెరికినచో, నేలలో దిగిన ఊడలు చెడును. అప్పుడు మిగిలిన గునుగును కొడవలితో మొదలంట కోయుట మేలు.

3. గట్లమీది గునుగును కంకి ముదరకముందే బతుకమ్మకు కోసికొనుడు. పైకంకి మాత్రము త్రుంచక, కాడతో సహా మొదలంట కోయవలెను. పైమాత్రము త్రుంచినచో ప్రక్కకొమ్మలు వేసి మరల పూయును.

4. గింజ పట్టిన కంకులను పెంటకుప్పపై వేయరాదు. ఎరువుతో కూడ తిరిగి చేనికే చేరును. గోతిలో లోతుగా పూడ్చవలెను.

5. జొన్న విత్తనమును జల్లెడ పట్టి, గునుగు గింజలు వేరుచేసిన పిదపనే విత్తవలెను.

ఇంటి ఆడవారు పూవు కోయు దినములే మీరు గట్లు శుభ్రపరచు దినములు కావలెను. అట్లు చేసినచో పండుగకు పూవు దొరకును, మరుసటి ఏట కలుపుకూలి తగ్గును.