హోటల్ పేరొక్కటే చెబితే ఎలాగమ్మా!

కాకినాడ వెళ్తున్నామని అన్నామో లేదో, "సుబ్బయ్య హోటల్లో భోంచెయ్యకుండా రావద్దు" అని పదిమంది చెబుతారు. సరే, వెళ్తాం. అక్కడ కూర్చుని తినే తీరిక లేనివాళ్ళు బుట్ట భోజనం కట్టించుకుని ఇంటికో, రైల్లోకో తీసుకుపోవచ్చన్న సంగతి మాత్రం ఆ పదిమందిలో ఒక్కరూ చెప్పరు. తిండి మీద ప్రేమ ఉన్నవాళ్ళతో నాకున్న పేచీ ఇదే చెల్లెళ్ళూ. పేరు చెప్పి ఊరుకుంటారు. ఏం తినాలో, ఏ వేళకి వెళ్ళాలో, ఎంత ఆకలితో వెళ్ళాలో చెప్పరు!

నా లెక్కలో ఏ హోటలైనా ఒకటో రెండో వంటకాలకే గొప్ప. మెనూ కార్డు నాలుగు పేజీలుంటే ఉండనీయండి. విజయవాడ గాంధీనగర్లో బాబాయ్ హోటల్ అంటే వేడివేడి ఇడ్లీ, దాని మీద వెన్న, పక్కన కారప్పొడి. పొద్దున్నే వెళ్ళి అది తిని వచ్చేయండి. కోనసీమలో అంబాజీపేట పొట్టిక్కలూ పొద్దుటి తిండే. పనసాకులతో కుట్టిన బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే ఆ వాసన ఇంట్లో ఇడ్లీ పాత్రకి రమ్మంటే రాదు. పాలకొల్లు వైపు దిబ్బరొట్టె తినేటప్పుడు తొందరపడకూడదు. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందంగా పోసి, సన్నని సెగ మీద మగ్గనిస్తేనే అడుగు ఎర్రగా కరకరలాడుతుంది. ముందే కాల్చి పెట్టింది ఇస్తానంటే వద్దని చెప్పి, కాసేపు నిలబడి వేడిది కాల్పించుకోండి. పానకం దొరికితే అందులో ముంచుకుని తినండి. నేనైతే అల్లం పచ్చడి జోలికి పోను, ఆ రొట్టెకి తీపే జోడు.

సీమకి వెళ్తే టిఫిన్ వేళ ఇడ్లీ అడక్కండి. కర్నూల్లో, అనంతపురంలో ఉగ్గాణి, బజ్జీ తినండి. తడిపి పిండిన బొరుగుల్ని తాలింపులో కలిపి పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పకుండా ఉండాలి. అది లేని ఉగ్గాణి నాకు సగం ఉగ్గాణే. ప్రొద్దుటూరు కారం దోశకి మాత్రం పక్కన మజ్జిగ పెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

అంకాపూర్ సంగతి వేరు. నిజామాబాద్ జిల్లాలో ఆర్మూరు దగ్గరి ఊరది. అక్కడ ప్లేటు లెక్కన అడిగితే నవ్వుతారు. నాటుకోడి కూర కోడి లెక్కన చెప్పాలి, అదీ ముందే. వండి, అన్నంతో సహా కట్టిస్తారు. ఇద్దరే వెళ్తే మిగిలిపోతుంది, నలుగురైదుగురు కలిసి వెళ్ళాల్సిన ఊరు. హైదరాబాద్ హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడది ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటుంది కానీ, రంజాన్ నెలలో సాయంత్రం భట్టీ పక్కన నిలబడి తిన్నదాని దారి వేరు. గోధుమా మాంసమూ గంటల తరబడి ఉడికి, కర్రతో దంచి దంచి ఒక్కటైపోయిన ముద్ద అది. ఆ శ్రమకి రోజూ డిమాండ్ ఉంటేనే వండేవాళ్ళకి చెయ్యి తిరుగుతుంది, ఆ డిమాండ్ ఉండేది రంజాన్లోనే. చార్మినార్ దగ్గర నిమ్రాలో ఉస్మానియా బిస్కెట్టు ఇరానీ చాయ్‌లో ముంచుకుని తినడం గురించి కొత్తగా చెప్పేదేముంది, అందరికీ తెలిసిందే.

ఢిల్లీలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లల్ని ఎవర్నైనా అడగండి, అశోకా రోడ్డు ఆంధ్రాభవన్ క్యాంటీన్ గురించి పుట్టింటి గురించి చెప్పినట్టు చెబుతారు. ముద్దపప్పు, పొడి, నెయ్యి, అడిగినంత అన్నం. తెలుగు రాని ఢిల్లీవాళ్ళు కూడా మన పప్పన్నం కోసం అక్కడ వరస కట్టడం చూస్తుంటే నాకు మాచెడ్డ గర్వం. ఆదివారం బిరియానికి వెళ్తే కాస్త ముందే వెళ్ళండి.

ఇంత చెప్పి పులస మాట ఎత్తకపోతే గోదావరి జిల్లాల వాళ్ళు నన్ను బతకనివ్వరు. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. వరదలొచ్చి గోదావరి ఎర్రబడే జులై, సెప్టెంబరు నెలల మధ్య గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. అలా ఈది వచ్చిందే పులస. ధర వేలల్లో పలుకుతుంది కాబట్టి ఒడిశా నుంచి వచ్చే ఇలిసనీ అదే పేరుతో అంటగట్టేవాళ్ళున్నారు. చేపల మీద గురి ఉన్నవాళ్ళని వెంటబెట్టుకోకుండా కొనొద్దు. మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద, సన్న సెగన పులుసు మరగాలి. బెండకాయలు, నిలువుగా చీల్చిన పచ్చిమిరపకాయలు పడాలి. దించేముందు కాస్త వెన్న, కొత్తావకాయ ఊట. ఆ రోజు మూత పెట్టి ఊరుకోవాలి, తినేది మర్నాడు.

"పుస్తెలమ్మయినా పులస తినాలి" అంటారు కదా. ఆ సామెత కట్టినవాడు కచ్చితంగా మగాడే! పుస్తెలు ఎవరివి? పొయ్యి దగ్గర మసి ఎవరికి? కంచంలో మొదట పడే ముక్క ఎవరికి? వండినామె కూర్చునేసరికి దాకలో బెండకాయలూ ముళ్ళూ మిగులుతాయి.

నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇక్కడుంది. తిండి తెలిసిన స్నేహితుల్ని ఇంటికి పిలిచినప్పుడు మనమూ వాళ్ళతో పాటే, అదే వేడి మీద, అదే బంతిలో కూర్చుని తినాలి. పూరీలు ఒత్తుతూ, బజ్జీలు వేస్తూ, వంటింటి గుమ్మం దగ్గర్నుంచి "ఎలా ఉంది? ఉప్పు సరిపోయిందా?" అని కేకేసేదాన్ని పంచుకోవడం అనరు. పన్నెండు రకాలు చేసి సొమ్మసిల్లడం కంటే, నిలవుంటే రుచి పెరిగే వంటకం ఒకటి పట్టుకుని ముందురోజే దాని అంతు చూడండి.

చేపల పులుసు అలాంటిదే. నెల్లూరు పద్ధతి చెబుతాను. కిలో కొరమీనుకి పెద్ద నిమ్మకాయంత చింతపండు నానేయండి. మామిడికాయ పుల్లగా ఉంటే ఇంకాస్త తగ్గించండి. నువ్వుల నూనెలో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు మగ్గాక పసుపు, ఉప్పు, కారం వేసి, పులుసు పోసి, నూనె పైకి తేలేదాకా మరిగించాలి. ఆ తర్వాతే ముక్కలు. ఐదు నిమిషాలాగి మామిడికాయ ముక్కలు. చేప పడ్డాక గరిటె తీసి అవతల పెట్టేయండి, గిన్నెని గుడ్డతో పట్టుకుని తిప్పడమే. ఇంకో ఐదారు నిమిషాలకి జీలకర్ర, మెంతుల పొడి చల్లి దించేయాలి. ఎండాకాలమైతే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి పులుపు, కారం, ఉప్పు ముక్క లోపలికంటా దిగి ఉంటాయి. మీరు చెయ్యాల్సిందల్లా అన్నం వార్చి పులుసు వెచ్చబెట్టడమే.

శాకాహారులకి దారి లేదనుకోకండి. ఆవడలు ముందురోజే పెరుగులో నానాలి. పులిహోర పొద్దున కలిపితే మధ్యాహ్నానికి పులుపు పడుతుంది. బొబ్బట్లు మర్నాటికి మెత్తబడి ఇంకా బాగుంటాయి, నెయ్యి మాత్రం వేడిగా పోసుకోండి. ఆత్రేయపురం పూతరేకులు ఎవరైనా తెస్తామంటే మొహమాటపడకుండా తెమ్మనండి. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి పాలలో ముంచిన గుడ్డతో అలికినట్టు రాసి ఆ రేకు తీసే విద్య ఇంట్లో మనకి ఎలాగూ రాదు.

ఎవరింటి నుంచి వాళ్ళు ఒక్కో గిన్నె తేవడం మనకి కొత్తేం కాదు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకి అమ్మవాళ్ళు చేసింది అదేగా. దానికి కార్తీకం దాకా ఆగడం దేనికి, చెట్టెందుకు, ఎవరింటి డాబా అయినా చాలు! తెచ్చిన ప్రతి ఒక్కరూ తమ వంటకం ఎలా చేశారో పూర్తిగా చెప్పాలన్నది నా షరతు. మా చుట్టాల్లో ఒకావిడ ఉంది. గుత్తివంకాయ కూర అద్భుతం. అడిగితే అన్నీ చెబుతుంది, ఒక్క దినుసు దాచేస్తుంది. ఆ కూర పేరు చెబితే నాకిప్పటికీ నోరూరుతుంది, ఒళ్ళూ మండుతుంది.

కాబట్టి చెల్లెళ్ళూ, ఈసారి ఉత్తరాలు రాసేటప్పుడు "మా ఊళ్ళో తిండి చాలా బాగుంటుందక్కా" అని సరిపెట్టకండి. ఊరు, వంటకం, ఏ వేళకి వెళ్ళాలి, పక్కన ఏం అడగాలి, ఈ నాలుగూ రాయండి. ఇంటి వంటైతే కొలతలతో సహా రాయండి. దినుసు దాచినవాళ్ళ ఉత్తరం నేను అచ్చుకి పంపను.