సర్వర్ మన గదిలోనే ఉంది కదా అనుకునేవారికి: చేయవలసినవి, చేయకూడనివి

1954 నాటి చట్టం ప్రకారం దేశంలో తెలుగులో అచ్చయ్యే ప్రతి పుస్తకానిదీ ఒక ప్రతి కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి చేరాలి. ఈ సూచనలు అంత పెద్ద సంస్థకు కావు. అదే ఊళ్ళో కాలేజీ లైబ్రరీ చూసుకునేవారికి, సంఘం భవనంలో నాలుగు బీరువాల తెలుగు పుస్తకాలు నడిపేవారికి. కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను తమ గదిలోని కంప్యూటర్‌లో ఎక్కించి, మిగతా కంప్యూటర్లలో బ్రౌజర్ తెరిచి వాడుకుందామనుకునేవాళ్ళు వీళ్ళు. న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతపు గ్రంథాలయాల కోసం తయారై 2000 జనవరిలో వాడకంలోకి వచ్చిన కోహా చిన్న లైబ్రరీలకు బాగా సరిపోతుంది. ఎక్కించడం ఒక పూట పని. చిక్కులన్నీ ఆ తర్వాత, ‘బయటివాళ్ళెవరు చూస్తార్లే’ అని వదిలేసిన వాటి దగ్గరే వస్తాయి.

ముందు కరెంటు, నీళ్ళు

సర్వర్‌ను నేల అంతస్తులో పెట్టకండి. తప్పకపోతే బల్ల మీదైనా పెట్టండి, ప్లగ్గులు కూడా పైనే ఉండాలి. కాలేజ్ స్ట్రీట్, ఠంఠనియా వైపు గట్టి వాన పడితే నీళ్ళు ఎంతవరకు వస్తాయో అక్కడివారికి చెప్పనక్కర్లేదు. 2025 సెప్టెంబరు 23న ఒక్క రాత్రి వానకు నగరం మునిగి, కరెంటు షాక్ కొట్టి పలువురు చనిపోయారు. గదిలోకి నీళ్ళొస్తే సర్వర్‌ను కాపాడబోయి నీళ్ళలో అడుగు పెట్టకండి. మెయిన్ స్విచ్ పొడిచోట నిలబడి అందితేనే ఆపండి. లేదంటే కరెంటు కంపెనీకి ఫోన్ చేసి బయటే ఉండండి.

ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. యూపీఎస్ కొన్నాక దాని యూఎస్‌బీ తీగను పెట్టెలోనే వదిలేసేవారు చాలామంది. ఆ తీగను సర్వర్‌కు తగిలించి అమరిస్తే, బ్యాటరీ అడుగంటేలోపు సర్వర్ తనంతట తానే సవ్యంగా ఆగిపోతుంది. కరెంటు పోగొట్టే కాలబైశాఖి గాలివానలు సాయంత్రాలే ఎక్కువ, ఆ వేళకు లైబ్రరీలో మనిషి ఉంటాడన్న నమ్మకం లేదు.

ఎక్కించేటప్పుడు

దీనికంటూ ఒక కంప్యూటర్ కేటాయించి, డెబియన్ గానీ ఉబుంటు సర్వర్ గానీ వేయండి. కోహాను దాని సొంత రిపాజిటరీ నుంచే తెచ్చుకోండి, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన కాపీ వద్దు. వీడియోలో చూసిన కమాండ్లను అర్థం తెలుసుకోకుండా అతికించకండి. ‘పర్మిషన్ లేదు’ అని వస్తే ఫోల్డర్‌కు 777 ఇచ్చేయమనే సలహా ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. ఇచ్చారంటే ఆ కంప్యూటర్‌లోని ఏ ప్రోగ్రామైనా అందులో ఏదైనా రాసేయగలదు. అదే గదిలో పీహెచ్‌పీతో నడిచే వెబ్‌సైట్లు కూడా పెట్టాలనుకుంటే ఎక్సాంప్ అనే ప్యాకేజీ మీద పెట్టకండి. దాన్ని తయారుచేసినవారే అది నేర్చుకోవడానికి, అభివృద్ధి పనికి మాత్రమేనని చెప్పారు. అందులో డేటాబేస్ రూట్ ఖాతాకు మొదట్లో పాస్‌వర్డే ఉండదు.

కోహా మొదటిసారి బ్రౌజర్‌లో తెరుచుకున్నప్పుడు డేటాబేస్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఈ తాళం ఆ మొదటి అమరికకే. లోపలికి వెళ్ళగానే సూపర్‌లైబ్రేరియన్ ఖాతా ఒకటి సృష్టించుకుని, ఇక డేటాబేస్ పేరుతో లాగిన్ కాకండి. అలా లాగిన్ అయితే కోహానే హెచ్చరిక చూపిస్తుంది, చాలామంది దాన్ని రోజూ చూస్తూ కూడా పట్టించుకోరు. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే కుర్రాడికి ఆ పనికి సరిపడా అనుమతులే ఇవ్వండి. నలుగురూ ఒకే లాగిన్ వాడితే, జరిమానా ఎవరు కొట్టేశారో తేలదు.

తలుపులు

పాఠకుల కేటలాగ్‌ను 80 పోర్టు మీద, సిబ్బంది పేజీని వేరే పోర్టు మీద (తరచుగా 8080) పెట్టుకోండి. రెండోది సిబ్బంది కంప్యూటర్లకే అందేలా ఫైర్‌వాల్ పెట్టండి. ఇంటినుంచి కూడా చూసుకుందామని రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ తెరిచారా, సర్వర్ ఇక మీ గదిలోది కాదు, ప్రపంచానిది. తెరిచి ఉన్న పోర్టుల కోసం వెతికే ప్రోగ్రాములు ఇరవై నాలుగు గంటలూ తిరుగుతుంటాయి. బయటినుంచి తప్పనిసరైతే వీపీఎన్ వాడండి. పాఠకులకిచ్చే వైఫై వేరుగా ఉంచండి. హెచ్‌టీటీపీఎస్ లేకపోతే పాస్‌వర్డ్ ముసుగు లేకుండా వెళ్తుంది, అదే వైఫై మీదున్న ఎవరైనా పట్టుకోవచ్చు.

తెలుగు పుస్తకాల సంగతి

పాత జాబితా అను ఫాంట్లలో ఉంటే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి. ఎక్సెల్‌లో ఉత్త సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని ఉన్నదాన్నే ఎంచుకోండి. మొత్తం ఒకేసారి ఎక్కించకుండా పది పుస్తకాలు ఎక్కించి, ‘కృ’, ‘జ్ఞ’ ఉన్న పేర్లు వెతికి చూడండి. రికార్డు కనిపిస్తూ వెతుకులాటలో దొరకకపోతే కంగారుపడి మళ్ళీ ఎక్కించకండి, ఇండెక్స్ తిరగకట్టాలి అంతే. సభ్యుల వివరాల్లో ఆధార్ నంబరు అడగకండి. పుస్తకం ఇవ్వడానికి దాంతో పనిలేదు, పోతే తలనొప్పి మీదే.

బ్యాకప్

కోహా ప్యాకేజీ రోజూ తనంతట తానే బ్యాకప్ తీస్తుంది. అది మంచి ఏర్పాటే, కానీ దాన్ని చూసుకుని నిబ్బరంగా ఉండిపోతారు. ఆ ఫైళ్ళు పడేది అదే డిస్క్‌లో, పాతవి కొద్దిరోజులకే చెరిగిపోతాయి. 2020 మే 20న ఆంఫన్ తుఫాను వచ్చినప్పుడు కాలేజ్ స్ట్రీట్‌లో పుస్తకాలు నీళ్ళలో తేలాయి, నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. కాబట్టి రెండు బయటి డిస్కులు మార్చిమార్చి వాడుతూ ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. సభ్యుల ఫోన్ నంబర్లుంటాయి గనుక ఎన్‌క్రిప్ట్ చేయండి. బ్యాకప్ ఫైలును వెబ్ ఫోల్డర్‌లో మాత్రం పెట్టకండి. మూణ్ణెల్లకోసారి పాత లాప్‌టాప్‌లో దాన్ని నిజంగా తిరిగి ఎక్కించి, ఒక తెలుగు పుస్తకం పేరు, ఒక సభ్యుడి బాకీ వెతికి చూడండి. అలా చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

కోహా కొత్త వెర్షన్ ఆరునెలలకోసారి వస్తుంది, మధ్యలో మరమ్మతులు నెలనెలా వస్తాయి. బ్యాకప్ తీశాకే అప్‌డేట్ చేయండి. పరీక్షల వారంలో చేయకండి.

ఎవరో చొరబడ్డారనిపిస్తే

నెట్‌వర్క్ తీగ పీకండి. ఫార్మాట్ చేయకండి, లాగ్ ఫైళ్ళు పోతే ఏం జరిగిందో ఇక తెలియదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఇలాంటి ఘటనలను గమనించిన ఆరు గంటల్లో దానికి తెలపాలి. కోహా ఎక్కించిపెట్టిన కుర్రాడు వేరే ఊరికి ఉద్యోగం మీద వెళ్ళినా ఇలాంటి జాగ్రత్తే కావాలి: అదే రోజు అన్ని పాస్‌వర్డ్‌లూ మార్చి, సర్వర్‌లో అతని ఎస్‌ఎస్‌హెచ్ కీ తీసేయండి. అతను మంచివాడే కావచ్చు, అతని పాత లాప్‌టాప్ ఎవరి చేతికి వెళ్తుందో చెప్పలేం.