మితాహారము – వ్రతనిష్ఠ

కర్నూలు జిల్లానుండి 2022లో వేఱుపడిన నంద్యాల జిల్లాలో అహోబిల క్షేత్రము కలదు. ఎగువ అహోబిలమున స్వామిని సేవించి, భవనాశిని వెంట జ్వాలా నృసింహుని సన్నిధికి పోవు దారి రాళ్ళతోను మెట్లతోను కూడినది. బాల్యమున మా తండ్రిగారి వెంట ఆ దారిని పరుగున ఎక్కినవాడను. ఉద్యోగ విరమణ చేసిన నాలుగవ యేట మనుమలతో అదే దారి పట్టి, సగము దూరమైనను పోకమునుపే ఒక బండపై కూలబడితిని. మోకాళ్ళు నిలువలేదు, ఊపిరి ఆడలేదు. పిల్లలు పైకి పోయి దర్శనము చేసికొని వచ్చిరి. నేను క్రిందనే కూర్చుండి, వారు తెచ్చిన ప్రసాదమును కన్నుల కద్దుకొంటిని. నాటి నా బరువు 86 కిలోలు. స్వామి నన్ను దూరము చేయలేదు. నా తిండియు నా సోమరితనమును దూరము చేసినవి.

ధర్మసాధనములలో శరీరమే మొదటిదను మాటను మనము తఱచుగా చెప్పుదుము గాని, దాని సందర్భమును మఱతుము. అది కుమారసంభవము ఐదవ సర్గలోనిది. కఠోర తపస్సు చేయుచున్న పార్వతితో, బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు పలికినది. శక్తికి తగినంతయే తపస్సు చేయుచున్నావా యని అచటి ప్రశ్న. గీతాచార్యుడును ఆఱవ అధ్యాయమున, మిక్కిలి తినువానికి యోగము లేదని చెప్పి ఊరకుండలేదు. బొత్తిగా తిననివానికిని లేదనెను. బరువు తగ్గదలచినవారు ఈ రెండవ మాటను ముందుగా గుర్తుంచుకొనవలెను.

నేను దానిని మఱచితిని. అహోబిలమునుండి వచ్చిన మఱునాడే ఒంటిపూట భోజనమునకు దిగితిని. నెల దినములలో నాలుగు కిలోలు తగ్గెను. అందఱు మెచ్చుకొనిరి. తరువాత మాఘమాసము, పెండ్లిండ్లు వచ్చినవి. ఒక విందులో నియమము తప్పినది. "ఎట్లును చెడినది గదా" యని మఱునాడును తప్పితిని. ఉగాది నాటికి పోయిన నాలుగు కిలోలకు మఱియొకటి తోడై వచ్చినది.

ఇట్లేల జరుగును? చరకసంహిత సూత్రస్థానము ఇరువదియొకటవ అధ్యాయములో స్థూలశరీరుని చికిత్స కృశించినవాని చికిత్సకంటె కష్టమని చెప్పబడినది. స్థూలునకు ఆకలి తీవ్రము. తిండిని హఠాత్తుగా మాన్పించిన ఓర్వలేడు. కావున కడుపు నిండునట్టిదియు, అధికముగా పుష్టి నీయనట్టిదియు అగు ఆహారమును చరకుడు విధించెను. బరువు తగ్గినకొలది శరీరము తన వ్యయమును తానే తగ్గించుకొనునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. అందుచేతనే మొదటి నెలలో తగ్గినంత వేగముగా ఐదవ నెలలో తగ్గదు. అది మన దోషము కాదు, శరీరధర్మము. అలిపిరినుండి తిరుమలకు నడచినవారికి ఈ సంగతి తెలియును. గాలిగోపురము వఱకు ఎక్కుడు, పిదప కొంత దూరము సమతలము, ఆ మీదట మోకాళ్ళ పర్వతము. సమతలమున ఎత్తు పెరుగుట లేదని వెనుకకు మరలు యాత్రికుడు ఎవడును లేడు.

ఈ సందర్భమున చెన్నపట్టణమున జరిగిన ఒక పరిశోధన చెప్పదగినది. మధుమేహమునకు చేరువగా ఉన్న 531 మందిని మూడేండ్లు పరిశీలించి, 2006లో ఫలితములను ప్రకటించిరి. ఏ నియమమును లేనివారిలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చినది. ఆహారమును సరిదిద్దుకొని, నడక సాగించినవారిలో 39 మందికే వచ్చినది. విశేషమేమనగా, ఈ రెండవవారి బరువు చెప్పుకోదగినంతగా తగ్గలేదు! తూకపు ముల్లు కదలకున్నను, నియమము లోపల తన పని చేసినది. కర్మమునందే నీకు అధికారమన్న ఉపదేశమునకు ఇంతకంటె ప్రత్యక్ష నిదర్శనమేల?

రెండవసారి నేను బరువును గూర్చి సంకల్పింపలేదు; నియమమును గూర్చియే సంకల్పించితిని. మొదటిది పరిమాణము. కడుపులో రెండు పాళ్ళు అన్నమునకు, ఒక పాలు నీటికి, ఒక పాలు వాయువునకు విడువవలెనని వాగ్భటుడు చెప్పెను. విస్తరిలో మాఱువడ్డన మానితిని. రెండవది ధాన్యము. మన కర్నూలు, కడప సీమలలో పెద్దలు తిన్నది జొన్నరొట్టె, కొఱ్ఱన్నము, రాగిసంగటి. వీనిలో పీచు మెండు గనుక ఆకలి త్వరగా వేయదు. అయినను అవియు మితి మీరిన బరువును పెంచునవే. ఆ పెద్దలు సంగటి తిని చేలలో దినమెల్ల శ్రమించిరి. కావున మూడవది నడక. ఉదయము అర్ధగంట, సాయంకాలము అర్ధగంట.

నాలుగవది ఏకాదశి. ఫలాహారమనగా పండ్లు, మన యిండ్లలో ఉప్పిండియు పూరీయు కూడ ఆ పేరు పొందినవి. ఉపవాసదినమున మూడింతలు తినుట నాకును అలవాటే; దానిని మానితిని. మధుమేహమునకు మందులు వాడువారు మాత్రము వైద్యుని అడుగక ఉపవసింపరాదు.

ఇక ప్రసాదము. దానిని వలదనరాదు, నిజమే. కాని ప్రసాదమునకు కణమైనను పూర్ణమే. తిరుమల లడ్డు సుమారు 175 గ్రాములు. దానిని ఒక్కరే తినుటకంటె ఇంటివారికిని ఇరుగుపొరుగులకును పంచుట ఆచారమునకు దగ్గఱ. పంచినవాని ఆరోగ్యమునకును మేలు.

నియమము తప్పుటయు జరిగినది. ఒకమాఱు కాదు, పలుమాఱులు. మనస్సు గాలివలె పట్టువడదని అర్జునుడంతటివాడు మొఱపెట్టుకొనగా, అభ్యాసవైరాగ్యములచే పట్టువడునని స్వామి సమాధానము. అభ్యాసమనగా తప్పకుండుట కాదు, తప్పినచోటనుండి మరల మొదలుపెట్టుట. ఒక ఏకాదశి తప్పినవాడు వచ్చు ఏకాదశిని విడువడు గదా! విందు రాత్రి తప్పినచో, మఱునాటి ఉదయపు నడకకు ప్రాయశ్చిత్తముగా రెట్టింపు దూరమును చేర్పలేదు. మామూలు నడకనే నడచితిని. ఈ చిన్న మార్పే నన్ను నిలిపినది.

పదునాలుగు నెలలకు నా బరువు 78 కిలోలకు దిగి, అచటనే నిలిచినది. కడచిన మాఘమున మరల అహోబిలము పోతిని. మునుపు కూలబడిన బండవద్ద కొంతసేపు నిలిచి, నీరు త్రాగి, మెల్లగా ముందుకు సాగితిని. మనుమలు నాకంటె ఎంతో ముందు చేరిరి. నేను చేరునప్పటికి సన్నిధిలో హారతి వెలుగుచుండెను.

పాఠక మహాశయులారా, మీలో ఎవరైనను అట్టి బండపై కూర్చుండి యున్నచో, రేపటి ఉదయమున అర్ధగంట నడచుటకు నేడే సంకల్పింపుడు. శ్రీ నృసింహస్వామి మీకు నిలుకడను అనుగ్రహించుగాక!