తుపాకీ హక్కున్న దేశంలో అరెస్టు ఎందుకు?

ప్రశ్న: 2019లో న్యూమెక్సికో సరిహద్దులో సాయుధ దళం నడిపిన లారీ హాప్కిన్స్‌ను ఎఫ్‌బీఐ అరెస్టు చేసిందని చదివాను. అమెరికాలో తుపాకీ రాజ్యాంగ హక్కు కదా, మరి అరెస్టు ఎందుకు? మా అబ్బాయి హెచ్-1బీ వీసాపై అక్కడే ఉన్నాడు.
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: కేసు పెట్టింది దళం నడిపినందుకు కాదు, వలసదారులను అడ్డగించినందుకూ కాదు. పాత నేరాల్లో దోషిగా తేలినా తుపాకులు దగ్గర ఉంచుకున్నందుకు. ఏడాదికి మించి జైలుశిక్ష పడదగ్గ నేరం రుజువైనవారి దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ వ్యక్తిగత హక్కేనని 2008లో హెల్లర్ కేసులో తేల్చిన సుప్రీంకోర్టే, నేరస్థులపై ఉన్న ఈ నిషేధాన్ని తాము ప్రశ్నించడం లేదనీ స్పష్టం చేసింది. హాప్కిన్స్ చివరికి కోర్టులో నేరం ఒప్పుకున్నాడు.

మీ అబ్బాయి సంగతీ చూసుకోండి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారికీ అదే చట్టం తుపాకీని నిషేధించింది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. స్నేహితులతో సరదాగా షూటింగ్ రేంజికి వెళ్లి అద్దె తుపాకీ పట్టుకున్నా చిక్కే. లాయరును అడగకుండా తుపాకీ ముట్టుకోవద్దని చెప్పండి.